చేతులు పనిచేసే పది నిమిషాలు

శనివారం

నార్వేలోని బోడో రేవులో ఓడ ఎక్కితే మోస్కెనెస్‌లో దిగేసరికి మూడు గంటలు దాటుతుంది. కయాక్‌ల మీద, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవల మీద, చేపలు పట్టడానికి తమ్ముడూ నేనూ అక్కడికే బయలుదేరాం. ఓడ దాటే నీటి పేరు వెస్ట్‌ఫ్యోర్డ్. పేరులో ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) అని ఉన్నా అది విశాలమైన సముద్రమే. సగం దూరం వెళ్లాక ఎదురుగా లోఫోటెన్ దీవుల కొండలు వరుసగా కనిపించాయి. తీరమంటూ లేకుండా నీళ్లలోంచే నిట్టనిలువుగా లేచిన రాతి గోడలా ఉంది ఆ వరుస.

మే నెలాఖరు. ఎండ బాగా కాస్తోంది. డెక్కు మీద కొందరు పలచటి చొక్కాలతోనే కూర్చున్నారు. తమ్ముడు జాకెట్ విప్పి పక్కన పెట్టి, "అక్కా, ఈ ఎండలో డ్రైసూట్ వేసుకుంటే ఉడికిపోమా?" అన్నాడు. డ్రైసూట్ అంటే లోపలికి నీళ్లు రానివ్వకుండా ఒళ్లంతా కప్పే తొడుగు. గాలి ఉష్ణోగ్రత 11 డిగ్రీలు, సముద్రం 7 డిగ్రీలు. కయాక్ ఎక్కేవాళ్లు ఆ రెండో అంకెను చూసి బట్టలు వేసుకోవాలి. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తాయి, అందుకే నీళ్లలో పడిన ఒళ్లు చాలా వేగంగా వేడిని పోగొట్టుకుంటుంది. ఎండ ఎంత కాసినా ఆ లెక్క మారదు. ఉడికిపోతున్నట్లు అనిపిస్తే నెత్తి మీద చెంబెడు సముద్రపు నీళ్లు పోసుకోవచ్చు. నీళ్లలో పడ్డాక మాత్రం పైన తొడుక్కోవడానికి ఏమీ ఉండదు.

ఈ దీవులు ఆర్కిటిక్ వలయానికి పైన, 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఇక్కడి సముద్రం చలికాలంలో కూడా గడ్డకట్టదు. ఏటా చలికాలం చివర్లో బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఇక్కడికే వస్తాయి. వందల ఏళ్లుగా ఈ దీవుల బతుకంతా ఆ రాక మీదే నడిచింది. మేం వచ్చేసరికి ఆ వేట ముగిసింది. తీరం వెంబడి కొయ్య పందిళ్లకు కట్టిన కాడ్ చేపలు ఇంకా గాలికి ఆరుతూనే ఉన్నాయి. నీళ్లలో కాడ్, సేయ్ చేపలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి గాలం వేసేవాళ్లకు మే నెల మంచిదే.

ఈ ప్రయాణానికి పని చలికాలం మొదట్లోనే మొదలైంది. ముందుగా ఇద్దరం వైద్యుడి దగ్గరికి వెళ్లాం. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు ఎగసిపోతుంది, గుండె పరుగెడుతుంది. అదే క్షణంలో ముఖం మునిగితే గుండెను నెమ్మదింపజేసే మరో ప్రతిచర్య కూడా మొదలవుతుంది. వేగంగా కొట్టుకో అని ఒక ఆజ్ఞ, నెమ్మదించు అని మరొకటి ఒకేసారి అందితే గుండె లయ తప్పవచ్చు. మైక్ టిప్టన్, మైకేల్ షాటక్ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు 2012లో దీన్ని వివరంగా రాశారు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, చలికి వేళ్లు తెల్లబడిపోయే లక్షణం ఉన్నవాళ్లు ఈ సంగతి వైద్యుడితో మాట్లాడకుండా ఈ వేటకు రాకూడదని నా అభిప్రాయం. నాకు యాభై దగ్గరపడుతోంది. నా పరీక్షల ఫలితాలు చూశాకే కయాక్‌లు మాట్లాడాం.

వ్యాయామం దగ్గర తమ్ముడికీ నాకూ చిన్న తగాదా నడిచింది. వాడు భుజాలు, చేతులు పెంచాడు. తెడ్డు వేయడానికి బలం నడుము తిప్పడంలోంచి రావాలి. చేతులతోనే లాగేవాళ్ల ముంజేతులు గంటలో బిగుసుకుపోతాయి. చలికి ముందుగా మొరాయించేవి కూడా ముంజేతులే. అందుకని రబ్బరు పట్టీని గుంజకు కట్టి నడుము తిప్పే కసరత్తు, పలకలా బోర్లా నిలిచే కసరత్తు, నేల మీది బరువును తుంటి దగ్గర వంగి ఎత్తే కసరత్తు వారానికి మూడు నాలుగు రోజులు చేశాం. కాళ్లు చాచి కూర్చుని ముందుకు వంగితే వేళ్లు పాదాలకు అందాలి. తొడ వెనక కండరాలు బిగుసుకున్నవాళ్లు కయాక్‌లో రెండు గంటలు కూర్చుంటే వీపు వంగిపోతుంది. వీపు వంగితే నడుము తిరగదు, భారమంతా మళ్లీ చేతుల మీదే పడుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ కాలం ఈతకొలనులో గడిపాం. లైఫ్ జాకెట్ వేసుకుని, బోర్లాపడిన కయాక్‌ను తిప్పి, పైకి ఎక్కడం. తాజాగా ఉన్నప్పుడు అందరూ ఎక్కగలరు. నాలుగు పొడవులు ఈది ఆయాసపడుతున్నప్పుడు ఎక్కగలగాలి. కొలను యజమాని ఒప్పుకున్నందుకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాం.

ఆదివారం

ఈ రోజు గాలాలు పెట్టెల్లోంచి బయటికి తీయలేదు. రైనె గ్రామం దగ్గర లోతు తక్కువ ఉన్న ఒక చిన్న వంపులో, గట్టున నిలబడితే కొయ్య ఇళ్లు కనిపించే చోట, మా గైడుతో రోజంతా నీళ్లలోనే ఉన్నాం. ఆమె ఈ దీవుల్లోనే పుట్టి పెరిగింది, వయసు ముప్పై దాటి ఉండదు. ఆమె మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "మీలో ముందు ఎవరు పడతారు?"

చల్లటి నీటి గురించి చెప్పేవాళ్లందరూ వాడే ఒక లెక్క ఉంది: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని జనంలోకి తెచ్చాడు. నీళ్లలో పడగానే ఊపిరి దానంతటదే ఎగబీలుతుంది, ఆపాలన్నా ఆగదు. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లే వెళతాయి. ఆ ఎగశ్వాస ఒక నిమిషంలో నెమ్మదిస్తుంది. ఆ తరువాత సుమారు పది నిమిషాల పాటు కాళ్లూ చేతులూ చెప్పిన మాట వింటాయి. అవి కూడా పోయాక, లైఫ్ జాకెట్ తేల్చి ఉంచితే, స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, మనిషి ఎంత లావు, ఏం తొడుక్కున్నాడు అన్నదాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. వరుస మాత్రం మారదు. చలికి ఒళ్లు గడ్డకట్టి చనిపోతారని జనం అనుకుంటారు, కానీ చాలామంది ఆ గంట దాకా రారు. మొదటి నిమిషంలో ఊపిరి తప్పో, పది నిమిషాల్లో చేతులు చచ్చుబడో మునిగిపోతారు.

డ్రైసూట్ ఇందులో దేన్ని మారుస్తుంది? లోపల ఉన్ని బట్టలు వేసుకుని, మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలు బిగుతుగా ఉంటే మొదటి నిమిషపు దెబ్బ బాగా తగ్గుతుంది, చివరి గంట చాలా సాగుతుంది. మధ్యలోని పది నిమిషాలు మాత్రం అలాగే ఉంటాయి, ఎందుకంటే చేతులు సూట్ బయటే ఉన్నాయి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వేల రూపాయల సూట్ తొడుక్కున్న మనిషి కూడా పది నిమిషాల్లో కొక్కెం విప్పలేడు, రేడియో మీట నొక్కలేడు, తెడ్డు పట్టుకోలేడు. ఒంట్లో వేడి ఉంటుంది, తలలో తెలివి ఉంటుంది, వేళ్లు మాత్రం ఉండవు.

గైడు మా సామాన్లన్నీ ఒక బండ మీద పరిపించింది. తమ్ముణ్ణి రెండు చేతులూ మణికట్టు పైదాకా సముద్రంలో పెట్టి ఉంచమంది. నొప్పికి వాడి ముఖం ముడుచుకుంది. కొద్ది నిమిషాల తరువాత నొప్పి తగ్గిందన్నాడు. "అదే భయపడాల్సిన ఘడియ. ఇప్పుడు బొటనవేలితో చిటికెనవేలి కొసను తాకండి," అందామె. తాకలేకపోయాడు. ఆ చేతులతో ఒక్కొక్క సామాను వాడమంది. లైఫ్ జాకెట్ జేబు జిప్పుకున్న చిన్న లోహపు ముక్క వేళ్లకు చిక్కలేదు. రేడియోను జేబులోంచి లాగగలిగాడు కానీ ఆపదలో పిలవడానికి వాడే 16వ ఛానెల్ మీట ఏదో వేలికి తెలియలేదు. కత్తి ఒరలోంచి వచ్చింది, పిడి మీద పట్టు నిలవలేదు. ఈలను మాత్రం పళ్లతో అందుకుని ఊదాడు.

మధ్యాహ్నం దాకా అవన్నీ మార్చాం. ప్రతి జిప్పుకీ పిడికిలి పట్టేటంత తాడు ఉచ్చు కట్టాం. రేడియోను లైఫ్ జాకెట్‌కే తాడుతో కట్టి, 16వ ఛానెల్ మీట మీద ఉబ్బెత్తుగా జిగురు చుక్క పెట్టాం. రేడియో, ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, కయాక్‌లో ఉండకూడదు. పడ్డాక మనిషీ పడవా విడిపోతే పడవతో పాటు రేడియో కూడా పోతుంది. ఫోనును నీళ్లు దూరని సంచిలో పెట్టుకున్నా, తడిచేత్తో దాని తెర మాట వినదు. నార్వేలో సముద్రం మీద ఆపదకు 120 నంబరు, అయినా ఫోను రెండో దారి మాత్రమే. లైఫ్ జాకెట్ సంగతి చర్చకే రాలేదు. 8 మీటర్ల లోపు పడవల్లో కదులుతున్నంతసేపూ దాన్ని తొడుక్కుని ఉండాలని ఇక్కడ చట్టమే ఉంది.

తరువాత పడ్డాం. నీళ్లలోకి వెళ్లే ముందు మెడ పట్టీని వేలితో కాస్త తెరిచి, కింద కూర్చుని ఒళ్లు ముడుచుకుని సూట్‌లోని గాలి బయటికి పంపాలి, లేకపోతే గాలి తిత్తిలా ఉబ్బి ఈదడం కష్టమవుతుంది. నేను ముందు పడ్డాను. ముఖానికి 7 డిగ్రీల నీళ్లు తగిలినప్పుడు ఊపిరి ఎగబీలింది. చేయాల్సిన పని ఒక్కటే: ఒక చెయ్యి కయాక్ మీద వేసి, తల వెనక్కి వాల్చి, ఊపిరి దారికి వచ్చేదాకా ఏమీ చేయకుండా తేలడం. అంతకుముందు నెలల్లో, ఇద్దరం ఒకరిని ఒకరు కనిపెట్టుకుంటూ, చల్లటి నీళ్ల తొట్టెలో కొద్ది నిమిషాల చొప్పున దిగి అలవాటు చేసుకున్నాం. అలా ఐదారుసార్లు దిగితే ఆ ఎగశ్వాస సగం దాకా తగ్గుతుందని, ఆ అలవాటు నెలల తరబడి కొంత నిలుస్తుందని టిప్టన్ బృందం చూపించింది. నా ఒంటికి ఆ తేడా స్పష్టంగా తెలిసింది. మనసు "ఇది తెలిసినదే" అంటుంది. ఆ ఒక్క మాట ఎంతో పని చేస్తుంది.

ఊపిరి కుదిరాక తిరిగి ఎక్కడం. పైన కూర్చునే రకం కయాక్ కాబట్టి అడుగునుంచి చెయ్యి చాచి అవతలి పట్టీ అందుకుని, మోకాలు అంచుకు ఆనించి, వెనక్కి వాలితే బోర్లాపడ్డది తిరుగుతుంది. తరువాత కాళ్లు వెనకకు పైకి తేలేలా గట్టిగా తన్నుతూ, పడవను కిందికి నొక్కి ఒంటిని దాని మీదికి జార్చాలి. చేతులతో ఎగబాకడానికి చూస్తే పడవ మళ్లీ మీద పడుతుంది. ముందు కడుపు, తరువాత తిరిగి పిరుదులు, చివర పాదాలు. ఈ వరుస ఈతకొలనులోనే ఒంటికి పట్టింది. ఇక్కడ దాన్ని చేతి తొడుగులతో, మందపాటి బట్టలతో, ముఖం మీద చిన్న అలలు కొడుతుండగా మళ్లీ మళ్లీ చేశాం. గైడు ఒకసారి కయాక్‌ను నా చేతికి అందకుండా తోసేసింది. ఆ కొద్దిపాటి గాలికే ఖాళీ కయాక్ నేను ఈదగల వేగం కంటే ముందుకు పోయింది. పడ్డాక మొదట పట్టుకోవాల్సింది పడవనే, తెడ్డు తరువాత.

రాత్రి పది దాటినా వెలుతురు తగ్గలేదు. పడుకునే ముందు తమ్ముడు మెడ పట్టీ ఒరుసుకున్న చోట నూనె రాసుకుంటూ, "పోయిన ఏడాది సూట్ లేకుండా వెళదామన్నది నేనే కదా అక్కా," అన్నాడు. ఆ తరువాత చాలాసేపు ఇద్దరం చేతులు పనిచేయకపోతే ఏమేం చేయలేమో మాట్లాడుకున్నాం.

సోమవారం

వేట మొదలైంది. గాలి సెకనుకు 3 మీటర్లు. 5 దాటితే ఫ్యోర్డ్ లోపలే, 8 అంటే గట్టు మీదే అని ముందే రాసుకున్నాం. ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగి వస్తామో, ఎన్నింటికి రాకపోతే ఎవరికి కబురు చేయాలో కాగితం మీద రాసి బస దగ్గర ఇచ్చాం.

రైనెఫ్యోర్డ్ ఒడ్డున ఓల్‌స్టిన్ కొండ నీళ్లలోంచి లేచి నిలబడింది. దాని అడుగున సముద్రపు పక్షులు గుంపుగా దిగి లేస్తున్నాయి. వాటి కింద చిన్న చేపల గుంపు, ఆ గుంపు కింద సేయ్ ఉంటాయని గైడు చెప్పింది. లోహపు ఎరను అడుగుదాకా వదిలి, రెండు మూడు బారలు వేగంగా లాగి, మళ్లీ వదలాలి. మూడోసారి లాగినప్పుడు గాలపు కర్ర విల్లులా వంగింది. సేయ్ పట్టు గొప్పది. దొరికాక కూడా పడవ కిందికి, పక్కకి, మళ్లీ కిందికి దూసుకుపోతుంది. పట్టపగలు ఆ నిండు నీలి నీళ్లలోంచి దాని వెండి పక్క మెరుస్తూ పైకి వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. ఇంత తయారీ దేనికోసం అంటే ఆ మెరుపు కోసమే.

చేపను కొక్కెం నుంచి విప్పేటప్పుడే మనిషి పడవలో కుదురు కోల్పోతాడు. చూపు ఒడిలో ఉంటుంది, ఒళ్లు ఒక పక్కకు వాలుతుంది, అలను చూసుకోరు. రెండు కాళ్లూ చెరో పక్క నీళ్లలోకి వేలాడేస్తే కయాక్ చాలా స్థిరంగా ఉంటుంది, సూట్ ఉన్నందువల్ల కాళ్లకు చలి ఉండదు. మూడు ముళ్ల కొక్కేలు తీసేసి, ముల్లు నొక్కేసిన ఒంటి కొక్కేలు పెట్టుకున్నాం. ఎగిరే చేప చేతికి గుచ్చినా, సూట్‌కు గుచ్చినా అక్కడితో రోజు ముగుస్తుంది. పడవ మీద ఒక్క గాలపు కర్రే. ఇంకోటి అడుగునున్న అరలో. పడినప్పుడు మెడకు చుట్టుకునే తాళ్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఆ తాళ్లను కోయడానికే కత్తి.

ఎవరూ చెప్పడానికి ఇష్టపడని సంగతి ఒకటి ఉంది. సూట్ విప్పడం ఇబ్బందని చాలామంది పొద్దున్నుంచి నీళ్లు తాగరు. చలిలో ఒళ్లు మామూలు కంటే ఎక్కువ మూత్రాన్ని తయారుచేస్తుంది, పైగా సూట్ లోపల చెమట పడుతుంది. నీళ్లు తాగనివాళ్లు మధ్యాహ్నానికి అలసిపోతారు, అలసిన ఒళ్లు వేడిని నిలుపుకోలేదు. సౌకర్యంగా జిప్ ఉన్న సూట్‌నే ఎంచుకోవాలి, గంటన్నరకోసారి గట్టుకు రావాలి. ఆడవాళ్లం ఈ సంగతి ముందే తేల్చుకుంటే సగం యాత్ర సుఖం. గట్టుకు వచ్చిన ప్రతిసారీ ఏదైనా తినడం, బొటనవేలితో చిటికెనవేలిని తాకి చూసుకోవడం. తాకలేకపోతే వేళ్లు చంకల్లో వెచ్చబడేదాకా తిరిగి నీళ్లలోకి వెళ్లకూడదు.

మంగళవారం

గాలి సెకనుకు 9 మీటర్లు, విసురుల్లో 14. వెళ్లలేదు. కొండ మీది మేఘాలు కిందికి జారుతూ వచ్చి చీలిపోవడం కిటికీలోంచి చూశాం. తమ్ముడు మధ్యాహ్నం ఒకసారి, "లోపలి వంపులో నీళ్లు నున్నగా ఉన్నాయి కదా అక్కా?" అన్నాడు. నున్నగానే ఉన్నాయి. గాలి గట్టు వైపు నుంచి వీస్తున్నప్పుడు గట్టు పక్క నీళ్లు ఎప్పుడూ నున్నగానే ఉంటాయి. బయలుదేరడం తేలిక, తిరిగి రావడమే ఎదురుగాలిలో. కాగితం మీద రాసుకున్న అంకెను మళ్లీ చదివాం, దాని మీద చర్చ పెట్టలేదు.

బస్సెక్కి రోడ్డు చివరి ఊరికి వెళ్లాం. ఊరి పేరు ఓ, ఒకే అక్షరం. దానికి దక్షిణాన, మోస్కెనెస్ దీవి కొసకూ మోస్కెన్ దీవికీ మధ్యన మోస్క్‌స్ట్రౌమెన్ ప్రవాహం. ఆటుపోట్లకు వెస్ట్‌ఫ్యోర్డ్ నీరూ, బయటి సముద్రపు నీరూ అక్కడి లోతు తక్కువ మెట్టు మీదుగా అటూ ఇటూ పరుగెత్తి సుడులు తిరుగుతాయి. గట్టున నిలబడి చూసినా అక్కడేదో జరుగుతోందని తెలుస్తుంది. కయాక్‌కు అది చోటు కాదు.

బుధవారం

షెర్క్‌ఫ్యోర్డ్‌లోకి వెళ్లాం. రెండు పక్కలా కొండలు. లోపలి గ్రామాలకు రోడ్డు లేదు, రైనె నుంచి చిన్న పడవ వెళ్లి వస్తుంది. పొద్దున గాలి సెకనుకు 4 మీటర్లు. గైడు ముందే చెప్పింది: ఇలాంటి ఫ్యోర్డ్‌లలో వాతావరణ సూచన సగటు మాత్రమే చెబుతుంది, కొండ భుజం మీద నుంచి జారిన గాలి ఒక్కసారిగా నీళ్ల మీద పడవచ్చు, అందుకని గట్టుకు దగ్గరగా, దిగడానికి వీలైన చోట్ల మధ్యే ఉండాలి.

మధ్యాహ్నం అదే జరిగింది. నీటి మీద నల్లటి ముడత ఒకటి మా వైపు పరుగెత్తుకుంటూ రావడం చూశాను. "తమ్ముడూ, తెడ్డు!" అని అరిచాను. వాడు సేయ్‌ని విప్పుతున్నాడు, ఎడమ చేతి తొడుగు విప్పి ఉంది. తెడ్డు అందుకునేలోపే గాలి పక్క నుంచి కొట్టింది, పడవ తిరగబడింది.

తరువాత జరిగినదాన్ని నా వైపు నుంచే చెప్పగలను. వాడి తల పైకి వచ్చింది. ఒక చెయ్యి పట్టీ మీద ఉంది. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఏమీ చేయకుండా తేలాడు. నా పడవను వాడి పడవకు ఎదురెదురుగా, ముక్కు తోక పక్కకు వచ్చేలా ఆనించి, రెండింటి మీదా ఒళ్లు వాల్చి పట్టుకున్నాను. "ఊపిరి వచ్చిందా?" అంటే తల ఊపాడు. పడవను తిప్పి, కాళ్లు తన్ని, కడుపు, పిరుదులు, పాదాలు. గైడు చూసిన గడియారం ప్రకారం పడిన దగ్గర నుంచి కూర్చునే దాకా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చేప పోయింది, గాలపు కర్ర తాడుకు వేలాడుతూ వచ్చింది.

అప్పటికే వాడి ఎడమ చేతి వేళ్లు తెడ్డును చుట్టడం లేదు. రెండు నిమిషాలు, 7 డిగ్రీలు, తొడుగు లేని చెయ్యి. అదే చెయ్యి ఇంకో ఎనిమిది నిమిషాలు అక్కడే ఉంటే ఎలా ఉండేదో ఆలోచించాను. గట్టు నూట యాభై మీటర్లు కూడా లేదు. గైడూ నేనూ చెరో పక్కా ఉండి వాణ్ణి గులకరాళ్ల ఒడ్డుకు చేర్చాం.

ఒడ్డున మొదట గాలి తగలని బండ చాటు. తలకు పొడి టోపీ, సూట్ పైన గాలి ఆపే పెద్ద తొడుగు, కింద మందపాటి చాప. వాడు మాట్లాడుతున్నాడు, వణుకుతున్నాడు, పేరూ రోజూ సరిగా చెప్పాడు. అంటే తేలికపాటి చలి. ఫ్లాస్కులోంచి వేడి తీపి పానీయం తాగించి, తినడానికి ఇచ్చాం. చేతులు రుద్దలేదు. చలికి మొద్దుబారిన చర్మాన్ని రుద్దితే దెబ్బతింటుంది. చంకల్లో పెట్టుకోమన్నాం. వణుకు ఆగిపోయి మాట ముద్దగా రావడం మొదలైతే అప్పుడు సంగతి వేరు. అలాంటి మనిషిని నడిపించకూడదు, నిలబెట్టకూడదు, పడుకోబెట్టే ఉంచాలి, నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 16వ ఛానెల్‌లో పిలవాలి. ఎక్కువసేపు నీళ్లలో ఉన్నవాళ్లను నిలువుగా పైకి లాగినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి, అందుకే వాళ్లను పడుకున్న భంగిమలోనే తీయడానికి చూస్తారు. వాడికి ఆ అవసరం రాలేదు. అరగంటలో వణుకు తగ్గింది, వేళ్లలోకి రక్తం తిరిగి వచ్చేటప్పుడు నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

గైడు మమ్మల్ని ఆ రోజు ఇక చేపలు పట్టనివ్వలేదు. నీళ్లలోంచి వచ్చాక కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి పడుతూనే ఉంటుంది. బాగైపోయాననుకుని తెడ్డు పట్టినవాళ్లు అరగంటలో మళ్లీ నీరసపడతారు. గాలి సద్దుమణిగాక గట్టు వెంబడే తిరిగి వచ్చాం. దారిలో తమ్ముడు నెమ్మదిగా అన్నాడు: "నేనేమీ ఆలోచించలేదు అక్కా. కడుపు అని మాత్రమే గుర్తుంది."

గురువారం

మళ్లీ వెళ్లాం. వెళ్లాలా వద్దా అని వాడినే అడిగాను. పొద్దున బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూపించాడు.

వాతావరణం నెమ్మదిగా ఉంది. ఇసుక అడుగు మీద పెద్ద రబ్బరు ఎర ఈడ్చాం, సాయంత్రం దాకా చెప్పుకోదగ్గ చేప ఏమీ తగల్లేదు. అప్పుడు నా గాలం అడుగుకు పట్టుకున్నట్లు ఆగింది, ఆ అడుగు కదిలింది. హాలిబట్ అనే భారీ బల్లపరుపు చేప. కయాక్ దాని వెనక సాగింది. గట్టు నుంచి దూరంగా, ఫ్యోర్డ్ నోటి వైపు. కొంతసేపు దాన్ని చూశాను, ఎంత పెద్దదో తెలియలేదు కానీ నా ఒడిలోకి రాకూడనంత పెద్దదని తెలిసింది. పెద్ద హాలిబట్ పడవ మీద తోక కొడితే మనిషి కాలు విరగవచ్చు. తాడు కోశాను. మనసు కాస్త బాధపడింది, అది సహజం.

ఇక్కడ ఈ కాలంలో రాత్రి చీకటి పడదు. ఇంటికి పొమ్మని చెప్పే చీకటి లేకపోతే మనిషి అలసటను గుర్తించడు. అలిసిన చేతులు పట్టు తప్పుతాయి, అలిసిన కళ్లు నల్లటి ముడతను ఆలస్యంగా చూస్తాయి. ఎనిమిదింటికి గట్టు ఎక్కాలని రాసుకున్నాం కాబట్టి ఎనిమిదింటికి ఎక్కాం, సూర్యుడు కొండ పైన మధ్యాహ్నంలా ఉండగానే.

శుక్రవారం

సూట్లు మంచినీళ్లలో కడిగి, తిప్పి, నీడలో ఆరేశాం. రబ్బరు పట్టీలకు ఎండ, నూనె పడవు. జిప్ పళ్లకు మైనం రాశాం. తమ్ముడి మెడకు రాసిన నూనె పట్టీకి అంటిన చోట రబ్బరు మెత్తబడి ఉంది. దాన్ని సబ్బుతో తుడిచాం. ఎడమ మణికట్టు పట్టీని వేళ్లతో సాగదీసి చూస్తే వెంట్రుకంత చీలిక కనిపించింది, బహుశా బుధవారం కొక్కెం గీరింది. ఆ చీలికతో ఇంకోసారి పడి ఉంటే నీళ్లు మోచేతిదాకా వచ్చేవి.

తమ్ముడి ఎడమ చూపుడువేలి కొస ఇంకా కాస్త మొద్దుగా ఉంది. బోడోలో వైద్యుణ్ణి కలిశాం. కొన్ని వారాల్లో మామూలవుతుందని, అప్పటిదాకా ఆ వేలిని చలికి ఎక్కువగా తగలనివ్వద్దని చెప్పాడు. పట్టీని కొత్తది వేయించడానికి సూట్‌ను పంపించాం. అది తిరిగి వచ్చేదాకా, వేలు సరి అయ్యేదాకా ఈతకొలను మాత్రమే. కొలను యజమానికి బోడో నుంచే ఫోను చేసి, వచ్చే నెల ఆదివారాలు మాకు ఉంచమని అడిగాం.